పందొమ్మిదో బొక్కెన

గద్వాల కోటకు పడమటి దిక్కున ఉన్న సాలోళ్ల గేరిలో రేణుకమ్మను ఎరగని ఇల్లు లేదు. ఆమె గొప్పింటి మనిషేం కాదు. ఆడమనిషి అయ్యుండి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని చీర నేసేది, అందుకని ఎరుగుదురు. ఆ గేరిలో కండెలు చుట్టడం, పడుగుకు గంజి పట్టించడం, తెగిన పోగులు అతకడం ఆడవాళ్ల పని. నేత మగవాళ్లది. పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరంలో రేణుకమ్మ పెనిమిటి రాజమౌళి గత్తర, అంటే కలరా, తగిలి రెండు రోజుల్లో కన్నుమూసేనాటికి మగ్గం మీద సగం చీర ఉంది. దినాలు ముగిసిన మర్నాడు ఆమె వెళ్లి ఆ సగం చీర ముందు కూర్చుంది. కులపెద్దలు వచ్చి ఇదేం పద్ధతన్నారు.

"చీర సగంల ఉంది, పెద్దయ్యా. మీల ఎవరన్న కూసొని నేస్తమంటె లేస్త. లేకుంటె నన్ను నేయనియ్యిన్రి" అంది.

ఎవరూ కూర్చోలేదు. ఆమె లేవలేదు.

పిల్లలు లేరు. మనిషి పిడికెడంత ఉండేది. ముప్పై ఐదేళ్ల వయసులో కూడా వెనకనుంచి చూసినవాళ్లు ఎవరి బిడ్డవే నువ్వు అని అడిగేవాళ్లు. గద్వాల చీరకు అంచు పట్టు, ఒళ్లు నూలు. ఆ రెండూ కలిసే చోట ఒక్కో పోగునూ మెలేసి కలపాలి, అందుకు మగ్గం మీద రెండో మనిషి కావాలి. తోటికోడలు సుగుణ వచ్చి పక్కన కూర్చునేది. అట్లా నాలుగేళ్లు గడిచాయి.

ఆమెకు గేరి బయట ఉన్న ఒకే ఒక్క చుట్టరికం నర్సమ్మది. అది రక్తం పంచుకున్న చుట్టరికం కాదు, కులం కూడా ఒకటి కాదు. నర్సమ్మ మానవపాడు దగ్గర రైతు ఇంటి కోడలు. జమ్ములమ్మకు మొక్కు తీర్చడానికి నిండు నెలలతో గద్వాల వచ్చి, నడి గేరిలో నొప్పులు పడుతూ రేణుకమ్మ అరుగు మీద కూలబడింది. రేణుకమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయింది. మూడు రోజుల తర్వాత నర్సమ్మ ఆడపిల్లను ఒళ్లో పెట్టుకుని బండెక్కుతూ "నాకు అక్క లేదు. ఈ పొద్దునుంచి నువ్వే" అంది. ఆ మాట మాటగానే ఉండిపోలేదు. ఏటా కొత్త జొన్నలు మొదట రేణుకమ్మ ఇంటికి వచ్చేవి. పత్తి తీసేటప్పుడు, జొన్న కోసేటప్పుడు రేణుకమ్మ చేనికి పోయేది. సాలోళ్లు అమాస నాడు మగ్గం ముట్టరు. ముందురోజూ అమాసా కలుపుకుని రెండు రోజులు దొరికేవి. ఆ రెండు రోజులే ఆమెకు ఊరు దాటే వీలు.

నలభై మూడో సంవత్సరం వైశాఖంలో నర్సమ్మ పెనిమిటి మల్లన్న కబురంపాడు. "బావిల పూడిక తీపిస్తున్న. పదిమందికి వండాలె. నర్సి ఒక్కతెతోని కాదు, అమాసకు జర రా వదినె" అని. ఆమె పొద్దున రైలెక్కి, మానవపాడు టేషన్‌లో దిగి, ఎండ ముదరకముందే నల్లరేగడి చేల నడుమ రెండు కోసులు నడిచి చేరింది. నేలంతా నెర్రెలిచ్చి ఉంది. పాదం పట్టేటంత వెడల్పు నెర్రెలు.

మల్లన్న బావి తాతల నాటిది. నాలుగు పలకలుగా రాతికట్టు, ఐదు మట్ల, అంటే ఐదుగురి నిలువంత లోతు. దాని మీద ఒక ఉల్లిమడి, ఆరు పశువులు, రెండిళ్ల గొంతులు ఆధారపడి ఉన్నాయి. ఆ ఏడు ఊట అడుగంటి, రోజుకు నాలుగు కడవలు కూడా ఊరడం లేదు. అందుకే పూడిక తీయిస్తున్నాడు. యేసయ్య అనే బావుల పని తెలిసిన మనిషి, ఆయన వెంట నలుగురు కూలీలు, మల్లన్న, మల్లన్న అన్న అంజన్న – వీళ్లు పని మీద ఉన్నారు. బురదను తట్టల్లో నింపితే పైనున్నవాళ్లు మోకుతో లాగి ఒడ్డు మీద పోస్తున్నారు. రేణుకమ్మ, నర్సమ్మ వేపచెట్టు కింద రాళ్లపొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేశారు, పుంటికూర వండారు. నవ్వులతో, కేకలతో మొదటి రోజు బాగానే గడిచింది. మధ్యాహ్నం దాటాక అడుగునుంచి మల్లన్న అరిచాడు.

"ఊట తగిలిందిరో! సన్నగ బుగ్గ పొడుస్తుంది!"

అందరి మొహాలూ వెలిగాయి, యేసయ్యది తప్ప. ఆయన బావిలోంచి పైకొచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, పడమటి గోడ వైపు చూపించాడు.

"మల్లన్నా, గా దిక్కు కట్టు చూసినవా? నడుమల పొట్ట ఊదినట్లయింది. పొద్దుగాల గట్ల లేదు. బురద తీస్తుంటె కింద ఆసరా పోతుంది. ముందు కట్టు ఇప్పి మల్ల కట్టుకొని, అటెంక దిగుదాం."

"కట్టు ఇప్పాలంటె ఎన్ని దినాలు?"

"పదిహేను దినాలు. ఇంకా ఎక్కువనే పట్టొచ్చు."

"పదిహేను దినాలు పసులకు ఏం తాపాలె? రేపు ఒక్క పూట తీస్తె బుగ్గ నోరు తెరుస్తది."

అంజన్న తట్ట కింద పడేశాడు. మనిషి ఎత్తరి, మాట మొరటు. "తాత చెయ్యి పెట్టిన రాయి అది. కదిలిందంటె ఆగదు. ఇడిసిపెట్టు."

"నువ్వు పోయిన యాడాది గూడ గిదే అన్నవు" అన్నాడు మల్లన్న.

అన్నదమ్ములిద్దరూ ఆ పూట ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. నర్సమ్మ పెనిమిటికి రొట్టె వడ్డిస్తూ మెల్లగా ఏదో అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. రేణుకమ్మ ఆ ఇంటి మాటల్లో దూరలేదు. కానీ గిన్నెలు కడిగే నెపంతో బావి దాకా వెళ్లి పడమటి గోడ చూసింది. రాళ్లు నిజంగానే ముందుకు తోసుకొచ్చినట్లున్నాయి. సందుల్లోంచి మన్ను పిండిలా రాలుతోంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. చిన్నప్పటినుంచీ ఆమెకు లోతంటే భయం.

మర్నాడు అమాస. మల్లన్న కూలీలను దిగనివ్వలేదు. "నా బావి, నేనే దిగుత. మీరు మీద ఉండున్రి" అన్నాడు. యేసయ్య వద్దనలేదు, అవుననలేదు. మోకు మాత్రం తన చేతిలోనే పట్టుకున్నాడు.

రేణుకమ్మ మూడో రొట్టె పెనం మీద వేసింది. అప్పుడు వచ్చింది చప్పుడు. ఉరిమినట్లు కాదు. బండి మీదనుంచి రాళ్లు దింపుతున్నట్లు మొదలై, చివర మెత్తగా, బరువుగా, ఏదో కూర్చున్నట్లు ఆగింది. బావిలోంచి ఎర్రటి దుమ్ము లేచింది. నర్సమ్మ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉంది. ఆమె అరవలేదు. లేచి పరుగెత్తింది.

అంజన్న బావి గట్టు మీద బోర్లా పడుకుని "మల్లా! ఒరేయ్ మల్లా!" అని పిలుస్తున్నాడు. చాలాసేపు జవాబు లేదు. తర్వాత దగ్గు వినిపించింది. దుమ్ము తగ్గాక కనిపించాడు. పడమటి గోడ నడుమభాగం జారి కుప్పగా పడింది. ఆ కుప్పకూ ఉత్తరపు గోడకూ నడుమ మూలలో మల్లన్న చతికిలపడినట్లు, రొమ్ము దాకా కూరుకుపోయి ఉన్నాడు. చేతులు రెండూ బయటే ఉన్నాయి. మొహమంతా మన్ను.

"పానం ఉంది" అన్నాడు యేసయ్య. "ఎవ్వరు గట్టు మీద నిలవడొద్దు. వెనకకు పోన్రి! ఎడ్లను గిట్ల తోలుకురాకున్రి, అదిరితె మిగిలింది గూడ పడ్తది."

ఆయనే ముందు దిగాడు. తూర్పు గోడ వైపునుంచి మోకు పట్టుకుని దిగి, కుప్ప మీద ఒక పాదం ఆనించాడో లేదో, పైనుంచి రాళ్లు రెండు దొర్లి మల్లన్న భుజం పక్కనే పడ్డాయి. యేసయ్య పాదం వెనక్కి తీసుకున్నాడు. గోడకు అతుక్కుని కాసేపు చూసి, పైకి లాగమన్నాడు.

పైకొచ్చాక ఆయన మాట్లాడిన మాటలు రేణుకమ్మకు జన్మంతా గుర్తుండిపోయాయి.

"కుప్ప మీద అడుగేస్తె జారుతుంది. ఉత్తరం గోడకు, మల్లన్నకు నడుమ జానెడు జాగ ఉంది. గా సందుల దిగి, రాయి రాయి తీసి తట్టల ఎయ్యాలె. నేను పట్టను. మీల ఎవరు పట్టరు." ఆగాడు. "ఇంకోటి. బుగ్గ ఆగలేదు. నీళ్లు ఎక్కుతున్నయి."

నిన్నటి దాకా అందరూ మొక్కుకున్న ఊట అది. ఇప్పుడది మల్లన్న చుట్టూ ఊరుతోంది.

అంజన్న తన భుజాలు చూసుకున్నాడు. కూలీలు ఒకరినొకరు చూసుకున్నారు. నర్సమ్మ చీరచెంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది. ఆమెది నిండైన ఒళ్లు, అదీ కాక ఐదో నెల. యేసయ్య తల తిప్పేసుకున్నాడు.

రేణుకమ్మ అప్పటికి తన ఒళ్లు తాను చూసుకుంటోంది. ఆమెకు తెలిసిపోయింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. చుట్టపు చూపుగా వంటకు వచ్చిన మనిషిని ఎట్లా అడుగుతారు? అదే ఆమెకు భరించరానిదైంది. ఎవరైనా అడిగి ఉంటే, కాదనేదేమో.

"గా సందుల నేను పడ్త" అంది.

నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, వద్దు. నీకు బావి దిక్కు చూస్తెనే కండ్లు తిరుగుతయి."

"చూడను. దింపున్రి."

యేసయ్య ఆమె చంకల కింద, తొడల కింద మోకు వేసి ముడి బిగించాడు. "అమ్మా, గోడను పట్టుకోకు. రాయి చేతికొస్తది. కాళ్లతోని జరంత ఆనిచ్చి ఎడంగ ఉండు. రాయి తీసేటప్పుడు మీదిది ముందు, కిందిది అటెంక. కిందిది ముందు తీసినవో, ఇద్దరు పోతరు."

ఆమె కళ్లు మూసుకునే దిగింది. చల్లదనం మొదట అరికాళ్లకు తగిలింది, తర్వాత వాసన – తడి సుద్దమన్ను వాసన. పాదాలు నీళ్లలో పడ్డాక కళ్లు తెరిచింది. మల్లన్న మొహం ఆమె మోకాళ్ల ఎత్తులో ఉంది. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"వదినె, నువ్వెందుకొచ్చినవ్?"

"రొట్టె మాడిపోతుంది. నిన్ను తీస్కపోదామని వచ్చిన" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పైకి చూడలేదు. చూస్తే ఆకాశం ముక్క అరచేయంత ఉంటుందని తెలుసు.

పని మొదలుపెట్టింది. కుప్పలో పైనున్న రాయి తీసి తట్టలో పెట్టి మోకు కదిలిస్తుంది, తట్ట పైకి పోతుంది, ఖాళీ తట్ట వస్తుంది. తూర్పు వైపునుంచి అంజన్న, ఒక కూలీ రెండు బొక్కెనలతో నీళ్లు తోడుతున్నారు. తోడినంతసేపూ నీళ్లు నిలుస్తాయి, ఒక్క నిమిషం చేతులు ఆగితే ఎక్కుతాయి. మన్ను తీసినచోట గుంట పడి, పక్కమన్ను జారి వచ్చేది. ఇనప చిప్పతో తోడి పోస్తే మళ్లీ జారేది. ఎన్ని తట్టలు పోయాయో ఆమెకు తెలీదు. ఎండ బావి తూర్పు గోడ మీద కొంచెం కొంచెంగా పైకెక్కింది. మల్లన్న నడుము బయటపడింది. కుడికాలు మోకాలి దాకా దొరికింది. ఆమె అతని తొడ పట్టుకుని ఊపి, పాదం వదులు చేసి, కుడికాలు బయటికి తీసింది.

ఎడమకాలు రాలేదు. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి వెతికింది. మోకాలి కింద కట్టురాయి ఒకటి అడ్డంగా పడి ఉంది. దాని రెండో కొన కుప్ప కిందికి పోయింది. నలుగురు మగవాళ్లు గడ్డపారలతో లేపాల్సిన రాయి. లేపుదామంటే కుప్ప మొత్తం దాని మీదే ఆని ఉంది.

ఆమె ఆ మాట పైకి చెప్పింది.

తట్ట లాగే కూలీల చేతులు మారుతున్నాయి. నీళ్లు తోడేవాళ్ల చేతులు బొబ్బలెక్కి నెమ్మదించాయి. నీళ్లు మల్లన్న రొమ్ము దాటాయి. అతను గోడకు తల ఆనించి ఊపిరి పీలుస్తున్నాడు.

అంజన్న గొంతు పైనుంచి వచ్చింది. "అమ్మా, మోకు ఇప్పి వాని చంకల కింద కట్టు. మోట దిక్కునుంచి ఎడ్లు కట్టి గుంజుదాం. కాలు పోతె పోయె. పానం దక్కుతది."

యేసయ్య ఏదో అన్నాడు. అంజన్న అరిచాడు. "నీళ్లు చూస్తున్నవా నువ్వు? ఇంకో గడియల ముక్కు దాటుతది! నా తమ్ముడు నా కండ్ల ముందట మునిగిపోవాల్నా?"

మల్లన్న కళ్లు తెరిచాడు. "అన్న చెప్పింది చెయ్యి, వదినె. గుంజమను."

ఇది కాలు ఒక్కదానితో పోయేది కాదని రేణుకమ్మకు అర్థమైంది. ఎడ్లు మనిషిలా లాగవు. ఆ రాయి కింద ఇరుక్కున్న కాలు రాకపోతే నడుమే తెగుతుంది. వస్తే, రాయితోపాటు కుప్ప వస్తుంది. ఇది ఆమెకు తెలుసు. అంజన్నకూ తెలిసే ఉంటుంది. కానీ తమ్ముడు నీళ్లలో మునుగుతుంటే చేతులు ముడుచుకుని చూడటం కంటే ఏదో ఒకటి చేయడం అతనికి సులభంగా ఉంది. ఆమెకూ ఒక్క క్షణం అట్లాగే అనిపించింది. కట్టేసి, కళ్లు మూసుకుని, పైవాళ్లకు వదిలేస్తే తన పని అయిపోతుంది.

ఆమె మళ్లీ నీళ్లలోకి చెయ్యి పెట్టింది. రాయి పైన కాదు, ఈసారి కాలి కింద. పిక్క కింద మన్ను ఉంది. మెత్తటి సుద్ద. గోరుతో గీరితే వచ్చింది.

"అంజన్నా!" అని పిలిచింది. "రాయి లేపనక్కర లేదు. కాలు కింద మన్ను తీస్త. కాలే కిందికి దిగుతది. ఇరవై బొక్కెనలు తోడేదాంక ఆగు. ఇరవై అయినంక నువ్వు చెప్పినట్లె కడ్త."

పైనుంచి అంజన్న, "లెక్క పెట్టున్రి" అన్నాడు.

లెక్క పెట్టింది నర్సమ్మ. "ఒకటి" అని ఆమె గొంతు బావిలోకి దిగింది. వణుకు లేదు ఆ గొంతులో.

చిప్ప ఆ సందులో పట్టలేదు. రేణుకమ్మ బోర్లా వంగి, చెంప మల్లన్న భుజానికి ఆనించి, గడ్డం దాకా నీళ్లలో పెట్టి, రెండు చేతులతో తవ్వింది. సుద్దలో కంకరరాళ్లు ఉన్నాయి. ఒక గోరు లేచింది. నొప్పి తెలీలేదు, చెయ్యి వేడెక్కినట్లు తెలిసింది. పిడికెడు మన్ను తీసి పక్కకు వేసి మళ్లీ. "ఆరు." మళ్లీ. "తొమ్మిది." మల్లన్న ఏడుస్తున్నాడు. ఆమె అతనికి ధైర్యం చెప్పలేదు. చెప్పడానికి ఊపిరి లేదు.

"పన్నెండు" దగ్గర చీలమండ దొరికింది. అది ఉండాల్సినట్లు లేదు. ఎముక విరిగింది. మడమ కింద ఇంకా గట్టిమన్ను. ఆమె చూపుడువేలు, నడిమివేలు మాత్రమే పోయే సందు. తవ్వడానికి బదులు గీరడమే మిగిలింది.

"పదిహేడు."

నీళ్లు మల్లన్న గడ్డానికి తగిలాయి. అతను తల పైకెత్తి నోరు మూసుకున్నాడు.

"పద్దెనిమిది."

మడమ కదిలింది. కొంచెమే. వేలు మందం.

"పందొమ్మిది" అంది నర్సమ్మ.

బొక్కెన నీళ్లలో మునిగి పైకి పోయింది. ఒడ్డు మీద నీళ్లు పోసిన చప్పుడు. మళ్లీ బొక్కెన దిగింది, పైకి పోయింది.

"పందొమ్మిది" అంది నర్సమ్మ మళ్లీ.

రేణుకమ్మ విన్నది. తన చెవి తప్పనుకుంది. మళ్లీ బొక్కెన దిగి పైకి పోయింది. "పందొమ్మిది." అదే గొంతు, అంతే నిలకడ. పైన అంజన్న ఏమీ అనలేదు. ఎడ్ల గంటలూ వినపడలేదు. తర్వాత యేసయ్య చెప్పాడు – అంజన్న నర్సమ్మ వైపు చూడకుండా, తలొంచుకుని, చేతుల్లోంచి నెత్తురు కారుతుంటే తోడుతూనే ఉన్నాడట. పందొమ్మిదో బొక్కెన ఎన్నిసార్లు పైకొచ్చిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

మడమ కింద చివరి మన్నుపెళ్ల విరిగింది. రేణుకమ్మ రెండు చేతులతో మల్లన్న పిక్క పట్టి కిందికి నొక్కి తనవైపు తిప్పింది. అతను పెట్టిన కేకకు గోడనుంచి మన్ను రాలింది. కాలు వచ్చింది.

"వచ్చింది!" అని అరిచానని ఆమె అనుకుంది. గొంతు పెగల్లేదని తర్వాత చెప్పారు. మోకు కదిలించడం చూసి పైవాళ్లు తెలుసుకున్నారు. ఆమె తన ఒంటికున్న మోకు విప్పి మల్లన్నకు కట్టింది. వేళ్లు ముడి పట్టలేదు, పళ్లతో బిగించింది. అతన్ని మెల్లమెల్లగా, గోడకు తగలకుండా లాగారు.

తర్వాత మోకు మళ్లీ దిగేదాకా ఆమె ఆ మూలలో ఒక్కతే నిలబడింది. అదే అన్నిటికంటే చెడ్డ ఘడియ అని చెప్పేది. చేయడానికి పని లేదు. నీళ్లు నడుము దాటుతున్నాయి. గోడలో ఎక్కడో ఒక రాయి సర్దుకున్న చప్పుడు. పైన అందరూ మల్లన్న చుట్టూ చేరారు, తనను మరిచిపోయారనుకుంది. మరిచిపోలేదు. యేసయ్య మొహం గట్టు మీద కనిపించింది. "అమ్మా, చేతులు మీదికెత్తు" అన్నాడు.

పైకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నర్సమ్మ పెనిమిటి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రేణుకమ్మను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. అంజన్న వచ్చి రేణుకమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె చేతులు చూశాడు. తన తలగుడ్డ విప్పి, రెండుగా చింపి, ఆ చేతులకు చుట్టాడు.

మల్లన్న బతికాడు. ఎడమకాలికి కట్లు కట్టే మనిషి వచ్చి మూడు నెలలు పసరుకట్టు కట్టాడు. కాలు నిలిచింది గానీ రెండంగుళాలు పొట్టయింది. మిగిలిన గోడ ఆ రోజు పడలేదు. తొలకరి మిరుగు వానలకు, ఎవరూ దగ్గర లేనప్పుడు, మొత్తం కూలి బావి పూడిపోయింది.

రేణుకమ్మ మర్నాడే గద్వాల పోయింది. పోక తప్పదు, మగ్గం మీద పెళ్లిచీర ఉంది. కానీ ఆమె చేతికి నాలుగు గోళ్లు లేవు. వేళ్ల కొనలు పగిలి గరుకెక్కాయి. పట్టుపోగు ముట్టుకుంటే పీచు లేచేది. సుగుణ పెనిమిటి బాలస్వామి తన మగ్గం ఆపి, వచ్చి ఆ చీర పూర్తిచేశాడు. కులపెద్దలకు సంగతి తెలిసి, చూడటానికి వచ్చి, ఇంట్లో కూర్చుని కాసేపు ఎండల గురించి మాట్లాడిపోయారు.

చేతులకంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. వేళ్లు మానాక కూడా ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టలేకపోయింది. మోకాలి లోతు గుంట. నాలుగేళ్లుగా కూర్చున్న గుంట. కాళ్లు దించగానే చల్లదనం తగిలి పైకి లాగేసుకునేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆషాఢంలో నర్సమ్మ జొన్నల మూటతో వచ్చి పన్నెండు రోజులుంది. కడుపుతో ఉన్న మనిషి వంట చేస్తానంటే వద్దనడానికి రేణుకమ్మ చేతులు ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు. రెండో రోజే నర్సమ్మ కనిపెట్టింది.

"గుంటల దిగుతలేవు కదా, అక్కా."

రేణుకమ్మ తల వంచుకుంది.

"నేను గూడ ఇప్పటికి కడవ తీస్కొని పక్క చేని బావికి పోతలేను. మా యారాలు, అంజన్న బావ పెండ్లాం, తెచ్చిస్తుంది."

నర్సమ్మ వచ్చి మగ్గం ముందు కూర్చుని, తన పాదాలు రెండూ గుంటలో పెట్టింది. పక్కన జాగా ఉంచింది. రేణుకమ్మ చాలాసేపు నిలబడి, తర్వాత ఒక కాలు పెట్టింది, తీసింది. మర్నాడు మళ్లీ. అట్లా నాలుగైదు రోజులకు రెండు కాళ్లూ నిలిచాయి. ఆ తర్వాత ఆమె ఇరవై ఆరేళ్లు నేసింది.

మరుసటేడు మాఘంలో మల్లన్న, అంజన్న కలిసి ఉత్తరం దిక్కున కొత్త బావి తవ్వించారు. ఈసారి యేసయ్య చెప్పినట్లే అడుగు అడుక్కూ కట్టు కట్టుకుంటూ దిగారు. ఒక్క రాయి దగ్గర కూడా మల్లన్న తొందరపెట్టలేదు. నీళ్లు పడిన రోజు అమాస కాదు, అయినా రేణుకమ్మకు కబురు పంపి పిలిపించారు. అంజన్న మొదటి కడవ ఆమె చేతే తోడించాలన్నాడు. ఆమె చేను మొదట్లోనే ఆగిపోయింది.

"నేను గా బావి కాడికి రాను, అంజన్నా. ఏమనుకోకున్రి."

ఎవరూ బలవంతపెట్టలేదు. మల్లన్న కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు, తనూ బావి దగ్గరికి పోలేదు. నర్సమ్మ చెంబు నింపి, చంకలో పసిపిల్లాడితో, చేను అడ్డంబడి తెచ్చింది. రేణుకమ్మ చెంబెత్తి గటగటా తాగింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"ఎట్లున్నయి?" అన్నాడు మల్లన్న, ఆత్రం ఆపుకోలేక.

ఆమె మూతి తుడుచుకుంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"ఉప్పగున్నయి" అంది. "పసులైతె తాగుతయి."